బాల్కనీ వల

ఈ ఉదయం మా బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టించాను. ఆ నైలాను కంతలు చూడగానే బెళ్ళందూరులో పిన్ని వాళ్ళ ఫ్లాటు గుర్తొచ్చింది.

వేసవి సెలవులకు అమ్మానాన్నలతో అక్కడికి వెళ్ళినప్పుడు నాకు ఆరేళ్ళు. ట్రాఫిక్‌కి జడిసి నాన్న రోజూ "లాల్‌బాగ్ తోటకు రేపు పోదాం" అనేవాడు. బాల్కనీ నిండా వల. మా ఊళ్ళో అవ్వ రాత్రికి కోళ్ళను గంప కింద మూసి, తెల్లారగానే గంప ఎత్తేది. ఇదీ అంతే అనుకుని, పొద్దున్నే లేచి వల దగ్గర కూర్చున్నాను.

"పిన్నీ, ఎప్పుడు ఎత్తుతావు?"

పిన్ని నవ్వింది. "ఎత్తేది లేదు పాపా. నేను కాపురానికి వచ్చినప్పట్నించీ ఇట్లనే ఉండాది."

నేనూ నవ్వాను. ఆమె వల కంతల్లో వేళ్ళు దూర్చి, కింద రోడ్డు చూస్తూ చాలాసేపు నిలబడింది.

ఇవాళ పనివాడు వెళ్ళిపోయాక, నా వేళ్ళూ వాటంతటవే కొత్త వల కంతల్లోకి వెళ్ళాయి.