నాయిన లెక్కపెట్టిన బ్రాకెట్లు

మొన్న ఇన్వర్టర్ బ్యాటరీ మూతలు తీసి నీళ్లు పోస్తుంటే గుప్పున వచ్చిన పుల్లటి వాసనకు సీసా పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అది కొత్తగూడెంలో మా నాయిన చొక్కాల వాసన. బొగ్గు గని ల్యాంప్ రూమ్‌లో ఆయన కొలువు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ తలదీపం ఇచ్చి, అతని నంబరున్న ఇత్తడి బిళ్ళను మేకుకు తగిలించేవాడు, పైకి వచ్చాక దీపం తీసుకుని బిళ్ళ తిరిగి ఇచ్చేవాడు. మేకుకు ఒక్క బిళ్ళ మిగిలినా ఆయనకు అన్నం సహించేది కాదు. బ్యాటరీల ఆసిడ్ చుక్కలు పడి చొక్కాలన్నీ జల్లెడలయ్యేవి, అమ్మ వాటిని కుట్టీ కుట్టీ విసిగిపోయేది.

నేను తొమ్మిదో తరగతికి వచ్చే ఎండాకాలం, భద్రాచలం నుంచి పెద్దమ్మ పంపిన తునికి పండ్లు గంపలో మెత్తబడుతున్న రోజుల్లో, మా క్వార్టర్‌లోకి ఒక పాత కంప్యూటర్ వచ్చింది. ప్రోగ్రాములు రాయడానికి మొదట ఏ భాష నేర్చుకోవాలో నాకేం తెలుసు? కంప్యూటర్ సెంటర్ సారు 'సి' అన్నాడు, రాసినదాన్ని సరిచూసి నడిపించే కంపైలర్ కూడా ఆయనే సీడీలో ఇచ్చాడు. నీలం తెర, పసుపు అక్షరాలు. వంకీల బ్రాకెట్ ఒకటి తెరిచి మూయడం మరిచిపోతే, ఆ మొండిఘటం ఎక్కడ మరిచానో చెప్పకుండా చిట్టచివరి లైను దగ్గర తప్పుందని మొరాయించేది. నేను ఏడ్చేదాన్ని.

నాయినకు ఇంగ్లీషు రాదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, చాయ్ గ్లాసుతో నా పక్కన పీట వేసుకునేవాడు.

"షిఫ్టు అయినంకనే తెలుస్తది బిడ్డా, ఒకడు తక్కువున్నడని. మొదటికెళ్లి చూడు."

ఆ బ్రాకెట్లను ఆయన మీసాలు అనేవాడు. తెర మీద వేలు పెట్టి, తెరిచిన మీసానికీ మూసిన మీసానికీ జత కలుపుతూ కిందికి దిగేవాడు. "గీడొకడు లోపటికి పోయిండు, రాలే!" అని దొరకబట్టిన రోజు ఆయన సంబరం ఇంతా అంతా కాదు. తెరంతా నా చేతి తునికి పండ్ల జిగురు, ఆయన వేలిముద్రలు.

తర్వాత ఖమ్మంలో ఇంజనీరింగ్. అక్కడందరూ పైథాన్ అనే భాష సులువన్నారు, ఉద్యోగాలూ దానికేనన్నారు, నేనూ మారాను. దసరా సెలవుల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే నాయిన అలవాటుగా పీట వేసుకుని తెరను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇందుల మీసాల్లేవేంది బిడ్డా?"

"అవసరం లేదు నాయినా. లైన్లు లోపలికి జరిపి రాస్తే అదే అర్థం చేసుకుంటది."

"అవ్... మంచిదే గద," అన్నాడు. చాయ్ తాగి, పీట గోడకు ఆనించి లేచిపోయాడు. మళ్లీ ఎప్పుడూ నా పక్కన కూర్చోలేదు. నేను పిలవలేదు కూడా, పిలవాలని తోచనే లేదు. ఆ సాయంత్రం గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది.

నాయిన పోయి మూడేళ్లు. క్వార్టర్ ఖాళీ చేశాం, నేను ఆయన పీట ఒక్కటే తెచ్చుకున్నాను. గనిలో ఇత్తడి బిళ్ళలు పోయి కార్డులు వచ్చాయట. ఇప్పుడు ఒక బ్రాకెట్ తెరిస్తే రెండోది దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

బ్యాటరీ మూతలు బిగించి, ఆ పాత కంపైలర్‌ను ఎక్కడో వెతికి ఎక్కించుకున్నాను. 'సి'లో పది లైన్లు రాసి, నడుమ ఒక మీసాన్ని కావాలనే మూయకుండా వదిలేశాను. చివరి లైను దగ్గర తప్పుందని అదే మొండితనంతో చెప్పింది. లోపలికి పోయి రాని మీసం ఎక్కడుందో నాకు తెలుసు. అయినా మూయలేదు. పీట తెచ్చి నా పక్కన, నాయిన కూర్చునే చోట వేశాను.