బ్రేకు బాబాయి చూసుకున్న సైప్రస్ చెట్టు

బ్రేకు బాబాయి బస్సు తోలడం మానేసి చాలా కాలమైంది. అయినా ఎవరి బండి ఎక్కినా ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. ఆ పేరు వీధిలో వాళ్ళు పెట్టింది. భార్య మాత్రం "ఏవండీ" అనే పిలిచేది. ఆయన "ఊఁ" అనేవాడు. పేపరు చదువుతూ ఊఁ, అన్నం తింటూ ఊఁ, నిద్దట్లో కూడా ఊఁ. ఆ ఊఁ వెనక మనిషి ఉన్నాడో లేడో ఆ మహాతల్లికే తెలియాలి.

ఆవిడకు చెట్ల పిచ్చి. గేటు పక్కన సైప్రస్ మొక్క నాటి, మనిషెత్తు దాటేదాకా పెంచింది. ఏ కాలంలో చూసినా అది పచ్చగానే నిలబడి ఉండేది. "ఆకులు ఊడ్చే పని తప్పుతుందని నాటావా?" అని ఆయన వేళాకోళం చేసేవాడు. ఆవిడ నవ్వేసి, మట్టి ఎలా ఉండాలో, నీళ్ళు ఎప్పుడు పోయాలో చెప్పుకుపోయేది. ఈయన ఊఁ కొట్టేవాడు.

పోయిన చలికాలం ఆవిడ మంచం పట్టింది. ఆసుపత్రిలో ఆఖరుసారి నోరు తెరిచి అన్న మాట, "చెట్టు జాగ్రత్తండీ" అని. ఆ రోజు మాత్రం బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, "నేను చూసుకుంటాగా" అని మాటిచ్చాడు. ఇంట్లో ఆవిడవి చీరలున్నాయి, గిన్నెలున్నాయి. ప్రాణమున్నది ఆ చెట్టు ఒక్కటే.

ఎలా చూసుకోవాలో ఆయనకేం తెలుసు? తెలిసిందల్లా బస్సు. డిపోలో పొద్దున్నే రేడియేటర్ మూత తీసి, పొర్లేదాకా నీళ్ళు పోస్తేగానీ బండి కదిలించేవాడు కాదు. నీళ్ళు చూసుకోక ఇంజను పాడుచేసిన డ్రైవర్లను ఆయన తిట్టని తిట్టు లేదు. చెట్టుకూ అదే పద్ధతి పెట్టాడు. మొదలు చుట్టూ గట్టు కట్టి, తెల్లారగానే బకెట్లతో పొర్లేదాకా నింపేవాడు. వానొచ్చినా మానలేదు. పోస్తూ పోస్తూ కబుర్లు చెప్పేవాడు. పాలు విరిగిన సంగతి, చొక్కా గుండీ ఊడిన సంగతి, నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదన్న సంగతి. ఇంత మాటకారి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాడో! చెట్టు పచ్చగానే కనబడేది. చూసుకుని మురిసిపోయేవాడు.

ఎండలు మొదలయ్యాక మరదలు చూడ్డానికి వచ్చింది. అక్క దగ్గరే మొక్కల పని నేర్చుకున్న మనిషి. గేటు దగ్గరే ఆగిపోయింది. చెట్టు మొదట్లో నీళ్ళు నిలిచి, నాచు పట్టి, మురుగు వాసన కొడుతోంది.

"రోజూ పోస్తున్నారా బావా?"

"ఒక్క పూట తప్పలేదమ్మా. చూడు, ఎంత పచ్చగా ఉందో!"

ఆమె ఒక కొమ్మను గోటితో గీరింది. బెరడు కింద తడి లేదు, ఎండుపుల్ల రంగు. ఇంకో కొమ్మ గీరింది. కిందికి వంగి కాండం మీద కూడా గీరి చూసింది. లేచేసరికి కళ్ళు తడిసి ఉన్నాయి.

"ఇది పోయింది బావా. నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోయాయి. మట్టి ఆరితేగానీ మళ్ళీ పోయకూడదు. అక్క మీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది," అన్నాడు బాబాయి మెల్లిగా. "నేను ఊఁ అనే ఉంటాను. కానీ పచ్చగా ఉంది కదమ్మా!"

"ఇవంతే. పోయాక కూడా చాన్నాళ్ళు పచ్చగానే కనబడతాయి. ఇది పోయి నెల దాటే ఉంటుంది."

బాబాయి గుమ్మం ముందు మెట్టు మీద కూలబడ్డాడు. భార్యా అంతే. లోపల రోగం తినేస్తున్నా పైకి నవ్వుతూ, వంట చేస్తూ, ఆయన చొక్కాలకు గుండీలు కుడుతూ తిరిగింది. అప్పుడూ ఆయన పైపైనే చూశాడు.

"మరి ఈ నెలంతా..." అని ఆగి, మరదలి మొహంలోకి చూశాడు. "ఈ నెలంతా నేనెవరితో మాట్లాడానమ్మా?"

ఆమె ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది.