రాణి ఎత్తుకున్న పిల్ల

ఈ ఉదయం గుడి నుంచి వస్తుంటే ఒక వీధికుక్క తన పిల్లను మెడ దగ్గర కరచుకుని రోడ్డు దాటింది. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్ళకు మా వేటకుక్క రాణి గుర్తుందా? పెరట్లో దాని గోనెపట్టా, గంజి తొట్టి, తడిసిన బొచ్చు వాసన?

రాణి ఈనినప్పుడల్లా నాన్న పిల్లలను ఎండలో పరిచి దాన్ని వదిలేవారు. అది ముందుగా నోట కరచుకుని నీడకు తెచ్చిన పిల్లనే వేటకు పెంచేవారు. మిగతావాటిని సంచిలో వేసి తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేసేవారు.

ఒకసారి రాణి కుంటిపిల్లను తెచ్చింది.

"ఇది లంగ్డీ. శికారుకు పనికిరాదు" అంటూ నాన్న దాన్ని కూడా సంచిలో వేశారు. బలమైన పిల్లను ఉంచుకున్నారు.

"రాణిని అడిగింది మీరే కదా. అది చెప్పాక కాదంటారేటండీ?" అంది అమ్మ.

"కుక్క మాట మీద అడవికెళ్తానా?"

"ఇన్నాళ్ళూ ఎవరి మాట మీద ఎల్లారు మరి?"

నాన్న సంచి పట్టుకుని వెళ్ళిపోయారు. రాణి చాలా రోజులు గేటు దగ్గరే పడుకుంది. తినమని బతిమాలి, దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

మరుసటి ఈతకు నాన్న మళ్ళీ పిల్లలను ఎండలో పరిచారు. రాణి ఒక్కదాన్నీ ఎత్తలేదు. వాటన్నిటి మీదా నీడ పడేలా ఆ ఎండలోనే నిలబడింది. నాన్న పిలిచినా రాలేదు.