ఉస్మానియా బిస్కెట్ల హాకీ జట్టు

ఇవాళ హాకీ సెమీఫైనల్లో మనవాళ్లు ఓడిపోయారు. నాంపల్లి ఇరానీ హోటల్లో ఒక్కణ్ణే కూర్చుని ఫోన్లో చూశాను. ఆట అయిపోయాక ఫోన్ పక్కన పెట్టి, సాసర్లోని ఉస్మానియా బిస్కెట్లను బల్ల మీద పేర్చాను. చేతులు వాటంతటవే ఆ పని చేశాయి.

మీకూ గుర్తుండే ఉంటాయి, మన చిన్నప్పటి ఇరానీ హోటళ్లలోని ఆ పాలరాతి బల్లలు, ఎంత తుడిచినా పోని చాయ్ మరకలు. రేడియోలో కామెంటరీ ముగియగానే నాన్న, ఆయన స్నేహితుడు డేవిడ్ అంకుల్ ఈ హోటల్లోనే అలాంటి బల్ల మీద ఆట మళ్లీ ఆడేవారు. బిస్కెట్లు మన ఆటగాళ్లు. రెండు కప్పుల మధ్య గోల్.

"మనోళ్లు ఉరకనే లే," అని అంకుల్ ఒక బిస్కెట్‌ను వెనక్కి లాగేవాడు.

"ఉరికిన్రు. నువ్వు సరిగ్గ వినలే," అని నాన్న దాన్నే ముందుకు జరిపేవాడు.

వాదన తెగేదాకా నన్ను ఒక్క ఆటగాణ్ణీ తిననిచ్చేవారు కాదు.

నాన్న పోయాక వచ్చిన సెమీఫైనల్ రోజు అంకుల్‌ని నేనే ఇక్కడికి తీసుకొచ్చాను. ఆ రోజూ ఓడిపోయాం. ఆయన ఎప్పుడూ అనే మాటే కదా అని, "మనోళ్లు ఉరకలే అంకుల్," అన్నాను. ఆయన ఒక బిస్కెట్‌ను ముందుకు జరిపాడు.

"ఉరికిన్రు బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు అంకుల్ కూడా లేడు. బిస్కెట్‌ను ముందుకు జరపాలో, వెనక్కి లాగాలో తేలక అలాగే కూర్చున్నాను. వెయిటర్ వచ్చి ఎదురు కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఎవరన్న వస్తరా సార్? పక్క టేబుల్‌కు కావాలె."

"తీస్కపో," అన్నాను.