పాప నుదుటి మీద ఇటాలియన్

ఆస్పత్రికి వెళ్లే దారిలో బస్సు రుద్రారం దాటేసరికి నా ఒడిలో పాప నుదురు ఇంకా వేడెక్కింది. మర్నాడు నాకు ఇటాలియన్ భాష పరీక్ష. గట్టెక్కితేనే ఇటలీ యంత్రాలు తెప్పించే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పాప జ్వరం భయం మరిచిపోవడానికి, 'మాట్లాడు' అనే క్రియను అన్ని కాలాల్లో గొణుక్కుంటున్నాను: పార్లో, పార్లి, పార్లా... పాప దగ్గినప్పుడల్లా ఆగిపోయి, మళ్లీ మొదటికి వస్తున్నాను.

పక్క సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ నా మోచేయి తట్టింది. "మంచి దువా సదువుతున్నవ్ బేటీ. గని మధ్యల ఆపుతవేంది? మొత్తం సదివి పిల్ల మీద ఊదు."

"ప్రార్థన కాదమ్మా, ఇటలీ భాష. రేపు పరీక్షున్నది."

"అయితేంది? అల్లాకు ఇటలీ భాష రాదా? సదువు, సదువు."

ఆమె పాప పాదాలను అరచేతుల్లో పట్టుకుని కూర్చుంది. వర్తమాన కాలం నుంచి 'మాట్లాడేదాన్నే' లాంటి రూపాల దాకా ఆ క్రియ మొత్తం మొదటిసారి ఎక్కడా ఆగకుండా చెప్పి, పాప నుదుటి మీద ఊదాను.

"ఆమీన్" అంది ఆమె.

జ్వరం మందుతోనే తగ్గింది, నాకు తెలుసు. కానీ ఇప్పటికీ పాఠం అప్పజెప్పుకున్నాక, నిద్రపోతున్న పాప మీద ఒకసారి ఊదనిదే పుస్తకం మూయలేను.