పశువుల పాకలో శెట్టిగారు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పిల్లలు పెద్దయ్యాక తలచుకోవడానికి నాలుగు పండగ జ్ఞాపకాలు మిగలాలంటే, తండ్రి అనేవాడు నడుం బిగించి, ముందుగా ఆలోచన చేసి, కావలసిన సామాన్లు కొని, ఆ జ్ఞాపకాలను తన చేతులతో తయారుచేయాలని. ఇది పెద్దవాళ్ళెవరో చెప్పిన మాట కాదు. ఎక్స్‌రే గదిలో ఒక రోగి వెళ్ళి ఇంకొక రోగి వచ్చేలోపల ఫోనులో చూసిన వీడియోల వల్ల అబ్బిన జ్ఞానం. (తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా అందర్నీ "కదలొద్దు, కదలొద్దు" అంటూ ఉంటానని మా ఆవిడ ఫిర్యాదు.) ఆ వీడియోల్లో మంచు కురిసే దేశాల తల్లీ తండ్రీ పిల్లలూ కుక్కా అందరూ ఒకే రకం ఎర్ర ఉన్ని టోపీలు పెట్టుకుని, నిప్పుల పక్కన సాక్సులు వేలాడదీసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉండేవాళ్ళు. నాకు ఇద్దరు పిల్లలు. పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు, చిన్నోడికి ఐదు. కుక్క లేదు, మంచు లేదు. మిగతాది సర్దుకోవచ్చులే అనుకున్నాను.

నిజానికి ఆ ఏడు మా ఇంట్లో క్రిస్మస్సే లేదు. ఆ ఫిబ్రవరిలో మా నాయన పోయాడు. చిత్తూరులో మాకు చిల్లరంగడి ఉండేది. నాయనది బట్టతల, మంచి బానపొట్ట. చొక్కా తొడిగేది ఆదివారం గుడికి (చర్చిని మేం గుడి అనే అంటాం) మాత్రమే, మిగతా ఆరు రోజులూ భుజం మీద తుండుగుడ్డే. బియ్యం మూటల మధ్య మఠం వేసుకుని కూర్చుంటే కొత్తగా వచ్చినవాళ్ళకు ఏది మూటో ఎవరు యజమానో తెలియడానికి ఒక నిమిషం పట్టేది. ఆయన పోయాక అంగడి మూసేసి, అమ్మను తిరుపతిలో మా అద్దె ఇంటికి తీసుకొచ్చాను. వచ్చింది కానీ, వచ్చినట్టు లేదు. అడిగితే తినేది, అడక్కపోతే గోడ వైపు తిరిగి పడుకునేది. డిసెంబరు రాగానే పిల్లలు నక్షత్రం ఎప్పుడు కడతామని అడిగితే ఒకే మాటలో తేల్చేసింది.

"ఏడు తిరగలా నాయనా. ఈ యేడు నక్షత్రం కట్టేది లేదు, పొయ్యి మీద మూకుడు పెట్టేది లేదు. ఎవరన్నా ఇస్తే తినండి."

మా వైపు చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగకు నూనె మూకుడు పెట్టరు. హిందువులైనా మేమైనా అంతే. అమ్మ మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. పిల్లల ముఖాలు చూసే ధైర్యమూ లేదు. అన్నిటికన్నా నన్ను తినేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. నాయన పోయినప్పటినుంచి అమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదు. ఈ పండగ కూడా ఇట్లాగే గోడ వైపు తిరిగి గడిచిపోతే, ఆమె ఇక ఎప్పటికీ ఇటు తిరగదేమోనని నాకు భయంగా ఉండేది.

అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. అమ్మ వద్దన్నది నక్షత్రాన్నీ మూకుడునీ. ఉన్ని టోపీల గురించి ఏమీ అనలేదు. సాక్సుల ప్రస్తావనే రాలేదు. అంటే మన పాత పండగ చేయకుండా, పరాయి దేశపు పండగ చేసుకోవచ్చన్నమాట! ఈ తర్కం విని మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక పని మొదలుపెట్టాను.

ముందు సాక్సులు. మా ఇంట్లో నిప్పుల గూడు లేదు కాబట్టి పిల్లల బడి సాక్సులు ఉతికించి, వాటిలో చాక్లెట్లు వేసి, పొద్దున్నే వరండా కిటికీ ఊచలకు కట్టి డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రానికి సన్నగా వాన పట్టుకుంది. పై అంతస్తులో ఇంటి ఓనరమ్మ ఉండేది. వాళ్ళది తరతరాలుగా కొండమీద గుడిలో కైంకర్యం చేసే వైష్ణవుల ఇల్లు, మేమంతా ఆమెను మామి అని పిలిచేవాళ్ళం. మామి నా సాక్సులను చూసి, పాపం వానకు తడుస్తున్నాయని తీసి, లోపలున్నదేమిటో చూడకుండా మడతపెట్టి, నేను రాగానే తెచ్చి ఇచ్చింది. "ఏమప్పా, కింద దండెం ఉండాది కదా, కిటికీకి కట్టినావెందుకు? చీమలు పట్టినాయి సూడు." చూశాను. చీమలు మాత్రం పండగ బాగా చేసుకున్నాయి.

తరువాత టోపీలు. పిల్లలకూ పెద్దలకూ కలిపి ఎర్ర ఉన్ని టోపీలు కొన్నాను. తిరుపతిలో డిసెంబరంటే ఫ్యాను ఒక మెట్టు తగ్గించే కాలం, అంతే. టోపీ పెట్టిన కాసేపటికే చిన్నోడి మెడ మీదికి చెమట ధారగా దిగింది. వాడు మంచి పిల్లవాడు, ఏడవలేదు. "నాన్నా, ఇది తీసేస్తే యేసయ్యకు కోపం వస్తాదా?" అని మాత్రం అడిగాడు. నా టోపీ నా నడినెత్తి దాటి కిందికి దిగలేదు. అమ్మ మంచం మీద నుంచి మా నలుగురినీ ఒకసారి చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఇంతలో పాప వచ్చి నా లుంగీ పట్టుకుంది. "నాన్నా, పశువుల పాకైనా కట్టుకుందామా? అవ్వ దాన్ని వద్దనలేదు కదా." (తర్కం నా దగ్గరే నేర్చుకుంది.) ఏటా చిత్తూరులో నాయన అంగడి అరుగు మీద గడ్డి పరిచి, మట్టిబొమ్మలతో యేసయ్య పుట్టిన పాక కట్టేవాడు. అంగడి మూసినప్పుడు ఆ బొమ్మలను గుడికి ఇచ్చేశాం. కొత్తవి తెస్తానని పాపకు మాట ఇచ్చాను. ఇచ్చి మరిచిపోయాను. పండగ ముందురోజు మధ్యాహ్నం నాకున్న పెద్ద సమస్య బొమ్మలు కాదు, టోపీలు. వాటిని మార్చుకు రావడానికి బండి తీశాను. అంగటివాడు మొదట కుదరదన్నాడు, తరువాత నా తల కొలతలు తీసుకున్నాడు, చివరికి పెద్ద సైజువి ఇచ్చాడు. నేను గెలిచినవాడిలా ఇంటికి బయలుదేరాను.

గేటు దగ్గర బండి ఆపుతుండగా లోపలినుంచి అమ్మ గొంతు వినబడింది. పెద్దగా, ఆగి ఆగి, ఊపిరి అందనట్టుగా. ఏడుస్తోందనుకున్నాను. చెప్పులు కూడా విడవకుండా పరుగెత్తాను. అమ్మ నేల మీద కూర్చుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, నవ్వుతోంది.

ఆమె ముందు అట్టపెట్టెతో కట్టిన పాక ఉంది. నేను లేని సమయంలో పాప మేడ మీదికి వెళ్ళి మామిని అడిగిందట. మామి దసరాకు బొమ్మల కొలువు పెడుతుంది, పెట్టె నిండా బొమ్మలుంటాయి. కావలసినవి తీసుకోమందట. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బొమ్మలు దండలతో సహా యోసేపూ మరియా అయ్యారు. బాలయేసు మా పాప ఆడుకునే ప్లాస్టిక్ పాపాయి. తల్లిదండ్రులిద్దరికంటే రెండింతలున్నాడు, ఒక కన్ను మూతపడదు. జ్ఞానులు ముగ్గురిలో ఇద్దరు నాదస్వరం, డోలు వాయించే మేళగాళ్ళు. మూడో ఆయన, అందరికంటే ముందు, బాలయేసుకు ఎదురుగా, ఒంటి మీద చొక్కా లేకుండా, బట్టతలతో, బానపొట్టతో, బియ్యమూ పప్పులూ చిన్న చిన్న గంపల్లో ముందర పెట్టుకుని, మఠం వేసుకుని కూర్చున్న శెట్టిగారు.

"ఏమిరా, సూడు! మీ నాయన ఈడకొచ్చి కూచోనుండాడు!" అంది అమ్మ.

చూశాను. నాయనే. ఆ పొట్టా, భుజం మీద ఆ తుండుగుడ్డా, బేరం తెగేదాకా కదలనని చెప్పే ఆ కూర్చోవడమూ.

పాప మాత్రం ఇందులో నవ్వేందుకు ఏముందో తెలియక ముఖం ముడుచుకుంది. "జ్ఞానులు బంగారమూ సాంబ్రాణీ బోళమూ తెచ్చినారు కదా నాన్నా. సాంబ్రాణి అంగట్లోనే కదా ఉండేది? మామి పెట్టెలో అంగడి పెట్టుకోనుండేది ఈయన ఒక్కడే."

"సరిగ్గానే చెప్పినావు బంగారూ," అంది అమ్మ. "కానీ సూడు, ఇన్ని గంపలు ముందర పెట్టుకోని, పుట్టిన బిడ్డ చేతిలో బెల్లం ముక్కన్నా పెట్టినాడా? అదే బుద్ధి. ఆడికి పోయినా మారలా!" అని మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ బొమ్మను వేలితో ముట్టుకుని, పాపాయికి ఇంకొంచెం దగ్గరగా జరిపింది. ఆ తరువాత తల తిప్పకుండానే మా ఆవిడను అడిగింది.

"ఏమ్మే, మూకుడు యాడ పెట్టినావు?"

"అటక మీద ఉండాదత్తా."

"దించు. ఆయనే వచ్చి కూచున్నాక వద్దనేదానికి నేనెవురు?"

మా ఆవిడ స్టూలు కోసం కూడా చూడలేదు. నన్నే ఎత్తి అటక ఎక్కించినంత పని చేసింది. ఆ సాయంత్రం ఇల్లంతా కొబ్బరీ బెల్లమూ ఏలకుల వాసనే. అమ్మ కజ్జికాయలు ఒత్తింది, పిల్లలు అంచులు మడిచారు, సగం నూనెలో విచ్చుకున్నాయి, వాటిని నేను తిన్నాను. మూకుడు దించడానికి మసిగుడ్డ కనబడకపోతే, అమ్మ నా చేతిలోని ఎర్ర టోపీ లాక్కుని దాంతో పట్టి దించింది. "మంచి గుడ్డరా, చెయ్యి కాలలా" అంది. నేను కొన్న సామాన్లలో పనికొచ్చింది అదొక్కటే. ఇప్పటికీ మా వంటింట్లో ఉంది.

మామి వాళ్ళు బయటి ఇళ్ళలో వండింది తినరు. అందుకని అమ్మ ఒక పళ్ళెంలో అరటిపండ్లూ చామంతిపూలూ పెట్టి పాపతో పైకి పంపింది. కాసేపటికి మామి తన శెట్టి ఎక్కడ కూర్చున్నాడో చూద్దామని కిందికి వచ్చింది. నాకు లోపల కొంచెం బెదురుగానే ఉంది, వాళ్ళ కొలువు బొమ్మలను ఇట్లా వాడినందుకు ఏమంటుందోనని. మామి వంగి, కళ్ళజోడు సర్దుకుని, పాకనంతా తీరిగ్గా చూసింది.

"బాగుండాది. పచ్చిబాలింత ఉండే ఇంటికి బంగారం ఎందుకమ్మా? శొంఠీ బెల్లమూ ఉండే మనిషి పోతేనే కదా ఉపయోగం!"

అమ్మా మామీ ఆ మాట మీద మొదలుపెట్టి, కాన్పుల గురించీ పథ్యాల గురించీ దీపాలు పెట్టేదాకా మాట్లాడుకున్నారు. మరునాడు గుడికి అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని మా అందరికంటే ముందు తయారై నిలబడింది. దేవుడికి నేను చెప్పుకున్న కృతజ్ఞతల్లో ఆ రోజు చెప్పుకున్నంత నిజమైనది ఇంకొకటి లేదు.

అప్పటినుంచి అదే మా ఇంటి ఆనవాయితీ. దసరాకు శెట్టిగారు మేడ మీద మామి కొలువులో ఉంటారు, డిసెంబరులో మెట్లు దిగి మా పాకకు వస్తారు. పక్కనే కజ్జికాయల మూకుడు. మా ఇంట్లో ఈ సంప్రదాయం పుట్టిన గంటలో, దాన్ని పుట్టించాలని అంత తాపత్రయపడిన నేను, ఊళ్ళో ఒక అంగట్లో తల కొలతలు ఇస్తున్నాను. ఆ కుర్ర తండ్రిని తలచుకుంటే నవ్వు వస్తుంది. కొంచెం జాలి కూడా వేస్తుంది, అంత ప్రేమను పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక టోపీలు కొన్నాడు పాపం.

ఆ శెట్టిబొమ్మ నిజానికి జంటబొమ్మ. పక్కన కూర్చునే శెట్టెమ్మ మామి పెట్టెలోనే ఉండిపోతుంది. మొన్న డిసెంబరులో పాప (ఇప్పుడు కాలేజీకి వెళుతోంది) పాక సర్దుతూ అంది, "అవ్వా, తాత ఒక్కడే ఎన్నేళ్ళు కూచుంటాడు? శెట్టెమ్మను కూడా తెద్దామా?"

అమ్మ పిండి ఒత్తుతూనే జవాబు చెప్పింది. "ఇప్పుడే వద్దులేమే. ఆయన ముందు పోయినాడు. ఆయమ్మ ఇంకా అంగడి కట్టేయలా. కట్టేసి నిదానంగా వస్తాదిలే."

నేను కొబ్బరి గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ అంగడికి ఇంకా చాలా ఏళ్ళు బేరం ఉండాలని మనసులో దండం పెట్టుకున్నాను. అమ్మ తలెత్తి చూసింది.

"ఊరికే నిలబడుకున్నావేందిరా? ఆ కొబ్బరి ఇట్లా తే."