ఆయుధపూజకు తెల్లబడ్డ స్పాంజీలు

కొళత్తూరులో రంగుచేపల షాపులున్న వీధిలో పూంగోదైని అందరూ నీళ్ళక్క అంటారు. అది మెచ్చుకోలు కాదు. తొట్టి కొన్న రోజున ఆమె చేపలు అమ్మదు. తొట్టి, గాలి మోటారు ఇచ్చి, నీళ్ళు నింపి మోటారు ఆడించుకోమంటుంది. రోజూ చిటికెడు చేపల మేత వేయమంటుంది. నెల తర్వాత ఆ నీళ్ళు సీసాలో పట్టుకుని రమ్మంటుంది.

"చేపల్లేని తొట్టిలో మేత ఎవరు తింటారక్కా?" అని అడగనివాళ్ళు లేరు.

"ఎవరూ తినరు. కుళ్ళుతుంది. కుళ్ళాలి. చేప ఉచ్చ పోసిన నీళ్ళలోనే చేప ఊపిరి పీల్చాలి కదా? ఆ విషాన్ని తినే పురుగు కంటికి కనబడదు. ముందు అది పుట్టాలి, తర్వాతే చేప."

ఎదురు షాపు ధనపాల్ గడపలో నిలబడి, "నీళ్ళు అక్క దగ్గర కొనుక్కోండి, చేపలు నా దగ్గర కొనుక్కోండి!" అని కేకేస్తాడు. సగంమంది అటే వెళతారు.

ఆమె కూడా ఒకప్పుడు తొందరపడ్డదే. పంతొమ్మిదో ఏట వాలాజాబాద్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, ఒక గాజుతొట్టిని అద్దంలా తోమి, కొత్త నీళ్ళు పోసి, మామగారి గప్పీ చేపల్లో నలభై అందులో వేసింది. మూడో రోజుకి నలభై చచ్చి తేలాయి. మామగారు తిట్టలేదు. పాత తొట్టిలోంచి నీళ్ళు వడకట్టే గోధుమరంగు స్పాంజి తీసి ఆమె చేతిలో పెట్టి, "పాలకి తోడేసినట్టు నీళ్ళకీ వెయ్యాలమ్మా" అన్నాడు. ఆ తోడునే ఆమె ఇరవై ఏడేళ్ళుగా ఒక స్పాంజి నుంచి ఇంకో స్పాంజికి పాకిస్తూ వచ్చింది. షాపులో ముప్ఫైరెండు తొట్లు. వాటి అడుగున రాళ్ళు వేయదు, చేపలు పట్టడానికి అడ్డమని. కాబట్టి ఉన్న తోడంతా ఆ స్పాంజీల్లోనే ఉంటుంది.

రెండు వీధుల అవతల మరగదం టీచర్ చిన్నపిల్లల బడి నడుపుతుంది. విజయదశమికి అక్కడ కొత్త పిల్లల్ని చేర్చుకుని బియ్యంలో మొదటి అక్షరం దిద్దిస్తారు. ఆ రోజు ఏడవని పిల్లాడు ఉండడు. ఈసారి ఏడుపు మాన్పించడానికి ఆరడుగుల తొట్టి పెట్టిస్తానని టీచర్ వచ్చి చెప్పింది. నెల పట్టేదే అంటూనే పూంగోదై ఒప్పుకుని నీళ్ళు నింపించింది. రెండు వారాలైనా తొట్టి నీళ్ళు చిన్న గాజుగొట్టంలో పట్టి పరీక్ష మందు చుక్కలు వేస్తే అవి ఆకుపచ్చగా తిరుగుతున్నాయి. విషం లేని నీళ్ళయితే పసుపుగా ఉండాలి. పండగ గురువారం. అందుకని సోమవారం మధ్యాహ్నం తోడు కోసం తన తొట్లలోంచి రెండు పెద్ద స్పాంజీలు తీసి, తడి ఆరకుండా బకెట్లో పెట్టుకుని బడికి వెళ్ళింది.

ఏటా ఆయుధపూజ వారంలో ఆమె భర్త సెంగోడన్ షాపు కడుగుతాడు. అతనిది సరుకు ఆటో. చేపల సంగతి పెళ్ళాందే. కడగడం మాత్రం అతనికి భక్తి. షట్టరు, ఫ్యాను రెక్కలు, ఆటో చక్రాలు, చేపలు పట్టే వలలు, చేతికందింది ఏదీ వదలడు. ఏటా ఆమె పక్కనే నిలబడి స్పాంజీల జోలికి పోనిచ్చేది కాదు. ఈసారి ఆమె బడిలో ఉంది.

ఆమె తిరిగొచ్చేసరికి మేడమీద బట్టల తీగ నిండా స్పాంజీలు వరసగా ఆరుతున్నాయి, ఇడ్లీల్లా తెల్లగా.

"చూశావా కోదై?" అన్నాడు సెంగోడన్, చేతులు తుడుచుకుంటూ. "ఎన్నేళ్ళ మురికో! బ్లీచింగ్ పౌడర్లో రెండు గంటలు నానబెడితే గానీ వదల్లేదు. ఏటా నువ్వు అడ్డం పడతావు."

"అన్నీనా?"

"ఒక్కటి వదిలితే ఒట్టు."

ఆమె మెట్టుమీద కూర్చుంది.

"ఏంటి, బాగాలేదా?"

"మీ నాన్నగారిచ్చిన తోడండీ అది. పొరుగింట్లో అడిగి తెచ్చుకునేది కాదు."

అతను తీగ వైపు చూశాడు. ఒక స్పాంజి తీసి వాసన చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

విషం పెరగకుండా ఆ సాయంత్రం నుంచి చేపలకి మేత మానేసింది. రాళ్ళు లేవు, స్పాంజీల్లో ప్రాణం లేదు. మంగళవారం పొద్దున చుక్కలు వేస్తే లేత ఆకుపచ్చ తిరిగింది. పదకొండింటికి గప్పీలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఆరేళ్ళుగా జతలు కలిపి పెంచిన ఏంజెల్ చేపలు మొప్పలు వేగంగా ఆడిస్తున్నాయి. నిమిషానికి ఎన్నిసార్లో ఆమె లెక్కపెట్టింది. మామూలు కంటే రెట్టింపు. రెండువేల పైచిలుకు చేపలు. సెంగోడన్ బోరునీళ్ళు మోశాడు, ఆమె సగం సగం నీళ్ళు మార్చింది. మార్చిన రెండు గంటలకి మళ్ళీ అదే రంగు.

ఎదురు షాపుకి వెళ్ళి, కడగని పాత స్పాంజి ఒక్కటైనా ఉందా అని అడిగింది.

"మావీ ఆదివారమే కడిగేశాంగా అక్కా," అన్నాడు ధనపాల్. అతని గొంతులో వెక్కిరింత లేదు. "మా సరుకు వారంలో వెళ్ళిపోతుంది, మాకు పాతదంటూ ఏదీ ఉండదు. ఈ వీధిలో పండక్కి కడగని షాపు ఉందా?"

లేదు. బతికున్న తోడు ఒక్కచోటే ఉంది. అది ఆమె తన చేత్తో బడిలో పెట్టి వచ్చింది.

బడిలో మరగదం టీచర్ రంగుకాగితాలు కత్తిరిస్తోంది. విన్నంతసేపూ కత్తెర ఆపలేదు.

"ఇచ్చినదాన్ని మీరే పట్టుకుపోతారా?"

"తప్పే టీచరమ్మా. పట్టుకెళ్ళకపోతే నా షాపు పోతుంది. పట్టుకెళితే గురువారానికి మీ తొట్టిలో చేపలు వేయలేను."

"చేపల తొట్టి ప్రారంభం అని కార్డులో అచ్చు వేయించాను."

"మొక్కలుంటాయి. బుడగలుంటాయి."

"బుడగలు చూపించి ముప్ఫైమంది ఏడుపు మాన్పించమంటారా? మీరు ఒక్కరోజు రండి, మాన్పించండి చూద్దాం." టీచర్ కత్తెర కింద పెట్టింది. "పట్టుకెళ్ళండి. చేపలు ఎక్కడ దొరుకుతాయో నాకూ తెలుసు."

"ఈ నీళ్ళలో వేస్తే చస్తాయి టీచరమ్మా."

"మీ షాపులోవీ చస్తున్నాయన్నారుగా."

పూంగోదై చేతులు మోచేతుల దాకా ముంచి రెండు స్పాంజీలూ తీసుకుంది.

ముప్ఫైరెండు తొట్లకి రెండు స్పాంజీలు చాలవు. అన్నిటికీ పంచితే ఏదీ బతకదు. నాలుగు పెద్ద తొట్లు ఎంచుకుని స్పాంజీల్ని సగానికి కోసి తలా ఒకటి వేసింది. ఏంజెల్ జతల్నీ, గుడ్లకొచ్చిన చేపల్నీ వాటిలో సర్దింది. మిగతా తొట్లకి బోరునీళ్ళు మారుస్తూ పోవడమే.

బుధవారం షాపులో పూజ జరిగింది. త్రాసుకీ మోటార్లకీ గంధం, కుంకుమ పెట్టారు. మరమరాలు, పుట్నాలు, బెల్లం పంచారు. సెంగోడన్ గుమ్మడికాయ పగలగొట్టి, మళ్ళీ బకెట్లు పట్టుకున్నాడు. అరచేతులు పొక్కాయి.

"మాట్లాడవా?" అని అడిగాడు.

"ఆరో తొట్టికి రెండు బకెట్లు చాలు. ఎక్కువ పోయకండి."

"అదేనా మాట్లాడటమంటే?"

"ఇవాళ్టికి అదే."

గురువారం పొద్దుటికి మూడువందల గప్పీలు పోయాయి. ఏంజెల్ చేపల్లో ఒక్కటీ పోలేదు. మొప్పలు నెమ్మదించాయి. స్పాంజీ ముక్కలున్న నాలుగు తొట్లలోనూ నీళ్ళు పసుపుకి దగ్గరగా వచ్చాయి.

పదింటికి ఆమె బడికి వెళ్ళింది, మాట తప్పానని నలుగురిలో నిలబడి చెప్పేద్దామని. చెప్పాల్సిన అవసరం రాలేదు. తొట్టిలో పదిహేను గోల్డ్ ఫిష్ తిరుగుతున్నాయి. ఒక పిల్ల రెండు చేతులూ అద్దానికి ఆనించి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా చూస్తోంది. ఏడవడం మరిచిపోయింది.

"నెల అన్నారు మీరు," అంది మరగదం టీచర్. "గంటలో అయిపోయింది."

"ఎప్పుడు వేశారు?"

"ఏడింటికి."

పూంగోదై వంగి చూసింది. చేపలు ఇంకా నోళ్ళు తెరుచుకుని పైకి రాలేదు, కిందనే తిరుగుతున్నాయి. "రేపట్నుంచి పొద్దున్నే ఆరింటికి గేటు తీయించండి."

"దేనికి?"

"సగం నీళ్ళు మార్చాలి. పురుగు పుట్టేదాకా రోజూ మార్చాలి. చేపలకి మేత మీరు వేయకండి, నేనే వేస్తాను, చిటికెడు."

"మీ దగ్గర కొన్నవి కావు కదండీ ఇవి."

"కావు," అంది పూంగోదై. "మెల్లగా పోయాలి నీళ్ళు. మీ బడి ఊడ్చే అమ్మాయి పోస్తే అడుగున వేసిన రాళ్ళు లేస్తాయి."

టీచర్ తాళంచెవుల గుత్తిలోంచి గేటుది తీసి ఇచ్చింది.

మర్నాటి నుంచి రెండు బకెట్లతో పూంగోదై వెళ్ళింది. అక్టోబరు వానలు మొదలయ్యాక సెంగోడన్ ఆటోలో దింపేవాడు. బయటే కూర్చునేవాడు, లోపలికి పిలిస్తే తప్ప రాలేదు. మొదటి వారంలో నాలుగు చేపలు చచ్చాయి. పిల్లలు రాకముందే ఆమె వాటిని తీసేసింది. పదకొండు మిగిలాయి. ముప్ఫైయ్యో రోజున గొట్టంలో చుక్కలు వేసి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది. పసుపు రంగు. మారుతుందేమోనని ఇంకో ఐదు నిమిషాలు నిలబడింది. మారలేదు. తాళంచెవి టీచర్ బల్లమీద పెట్టి వచ్చేసింది.